విండోస్ 10, 11 రెండూ కావాలంటే: డ్యుయల్ బూటా, వర్చువల్ మెషీనా?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు, అంటే ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆపేసింది. అయినా పాత ప్రింటరో, పాత అకౌంట్స్ సాఫ్ట్‌వేరో ఉంటే 10ని వదిలించుకోవడం కుదరదు.

డ్యుయల్ బూట్ అంటే డిస్కులో ఇంకో పార్టిషన్ (విడి భాగం) చేసి అందులో 11 వేసుకోవడం. ర్యామ్, గ్రాఫిక్స్ మొత్తం నడుస్తున్న విండోస్‌కే దక్కుతాయి. గేములు, వీడియో ఎడిటింగ్ ఉన్నవాళ్లకు ఇదే దారి. అటు నుంచి ఇటు రావాలంటే మాత్రం రీస్టార్ట్ కొట్టాల్సిందే. అసలు భయం పార్టిషన్ దగ్గర. ఉన్న భాగాన్ని కుదించి చోటు చేసే ‘ష్రింక్ వాల్యూమ్’ నొక్కే ముందే సిస్టమ్ ఇమేజ్ (విండోస్‌తో సహా మొత్తం కాపీ) తీసి బయటి హార్డ్‌డిస్కులో పెట్టాలి. డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోవాలి. ఫొటోలు కాపీ చేసుకుంటే చాలదా అంటారు కొందరు. తేడా వస్తే ఫొటోలు మిగులుతాయి, విండోస్ మిగలదు.

ఒకటీ అరా పాత సాఫ్ట్‌వేర్ కోసమైతే నా ఓటు వర్చువల్ మెషీన్‌కే, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్‌కే. 11లో వర్చువల్‌బాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసి, 10ని అందులో ఒక విండోలా నడపొచ్చు. ఆ 10కి లైసెన్సు విడిగా కావాలి. 8 జీబీ ర్యామ్‌తో ఈడ్చుకుంటూ నడుస్తుంది, 16 ఉంటే హాయి. బ్యాకప్ చాలా తేలిక: మెషీన్ ఆపేసి దాని ఫోల్డర్ కాపీ చేయడమే. స్నాప్‌షాట్‌ను (మెషీన్ ఆ క్షణంలో ఎలా ఉందో దాచుకునేది) మాత్రం బ్యాకప్ అనుకోవద్దు, మామూలుగా అదీ ఆ డిస్కులోనే ఉంటుంది. సపోర్టు లేదు కాబట్టి, ఇంటర్నెట్ లేకుండా పని కుదిరితే ఆ 10కి అది కూడా తీసేయండి.