నాచ్ ఆటో డెబిట్: కిస్తీకి మంచిదే, తెంపుకోవడమే కష్టం

నకిరేకల్ మార్కెట్ నుంచి హైదరాబాద్‌కు నిమ్మకాయల బస్తాలు తోలే ట్రాలీ ఆటో నాది. దాని ఫైనాన్స్ కిస్తీ ప్రతి నెలా 5న ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. ఇదివరకటి ఈసీఎస్ పద్ధతి బదులు, దేశంలో బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ ఎన్‌పీసీఐ తెచ్చిన నాచ్ (నేషనల్ ఆటోమేటెడ్ క్లియరింగ్ హౌస్) ద్వారా. కిస్తీ విషయంలో వంక పెట్టలేను. ఆఫీసు చుట్టూ తిరిగేది లేదు, రసీదు పోయిందన్న లొల్లి లేదు.

కాకపోతే 2021 ఆగస్టు 1 నుంచి ఇది ఆదివారం, పండుగ అని చూడదు. "ఇయ్యాల బ్యాంకు బంద్ గదా, రేపు ఏద్దాం తీ" అంటే నడవదు. కమీషన్ దుకాణం వాళ్లు లెక్క ఎప్పుడు తేలుస్తారో తెలియదు కాబట్టి 4వ తారీఖు సాయంత్రానికే డబ్బు వేసి పెడతాను. ఖాతాలో డబ్బు లేక కిస్తీ వాపస్ పోయిందా, బ్యాంకు ఛార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ, ఫైనాన్స్ వాళ్లది వేరే.

నా కోపమంతా పాస్‌బుక్కు మీదే. ప్రింట్ వేయిస్తే 'ఏసీహెచ్ డి' అని, పక్కన సగానికి తెగిన కంపెనీ పేరు, ఆపైన అంకెల వరస. ఏసీహెచ్ అంటే ఆటోమేటెడ్ క్లియరింగ్ హౌస్. చివర డి ఉంటే పోయిన డబ్బు, సి ఉంటే వచ్చిన డబ్బు. కౌంటర్లో ఈ ముక్క చెప్పే ఓపిక ఎవరికీ లేదు. జర్మనీలో చదివే మా మేనల్లుడికి ఆ పేజీ ఫోటో పంపితే ఒకటే నవ్వు. అక్కడ ఆ మూడు ఇంగ్లీషు అక్షరాలను (ach) కలిపి 'ఆఖ్' అని చదువుతారట, మన అయ్యో లాగా. పక్కన 'సో' చేరిస్తే ఓహో, అట్లనా అని. "డి ఉన్నకాడ అయ్యో అనుకో మామా, సి ఉన్నకాడ ఓహో అనుకో" అన్నాడు. ఈ లెక్కన నా పాస్‌బుక్కు నిండా అయ్యోలే.

పాత బండి అప్పు తీరి ఎన్‌ఓసీ (బాకీ లేదన్న కాగితం) చేతికొచ్చాక కూడా దాని మ్యాండేట్, అంటే ఖాతాలోంచి డబ్బు కట్ చేసుకోమని నేనిచ్చిన అనుమతి, బతికే ఉంది. బ్యాంకు ఫైనాన్స్‌ను అడగమంది, ఫైనాన్స్ వాళ్లు బ్యాంకుకు పొమ్మన్నారు. ప్రతి మ్యాండేట్‌కూ యూఎంఆర్‌ఎన్ అని 20 అక్షరాల నంబరు ఒకటి ఉంటుంది. అది వేసి, రద్దు చేయమని బ్యాంకులో కాగితం ఇచ్చి, ముద్ర కొట్టిన నకలు తీసుకున్నాకే పని కదిలింది. మ్యాండేట్ ఇచ్చేటప్పుడు మాత్రం ఆధార్ ఓటీపీ చెబితే చాలు, అయిపోతుంది! మ్యాండేట్ రిజిస్టర్ కాగానే ఆ నంబరు డైరీలో రాసి పెట్టుకోండి.

కిస్తీ కట్టడానికి 5కి 4 ఇస్తాను, రద్దుకు 1. కొత్త బండికీ నాచే ఇచ్చాను. గరిష్ఠ మొత్తం, చివరి తేదీ గడులు మాత్రం ఏజెంటుకు వదలకుండా నా చేత్తోనే నింపాను.