నీళ్ల డబ్బు తిన్నారంటే: వెంటనే జవాబా, మౌనమా, ఫోనా, లెక్కా? ఏది మేలు?

"ట్యాంకర్లలో కమీషన్ ఎంత కొడుతున్నారు? ఫిబ్రవరి కంటే మార్చిలో నీళ్ల ఖర్చు రెట్టింపు. కమిటీకి సిగ్గుండాలి."

మెయింటెనెన్స్ లెక్క పెట్టిన రాత్రి బెంగళూరు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇలాంటి మాట పడటం కొత్తేమీ కాదు. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి, కేఆర్ పురం వైపు తెలుగువాళ్లు సెక్రటరీలుగానో ట్రెజరర్లుగానో ఉన్న సొసైటీలు బోలెడు. జీతం లేని కొలువు. పగలంతా ఆఫీసు, రాత్రి పదకొండింటికి ఫోన్ తీస్తే ఇదీ సత్కారం. అప్పుడు ముందున్న దారులు: అక్కడికక్కడే జవాబివ్వడం, ఊరుకోవడం, ఆ మాట రాసినాయనకే ఫోన్ చేయడం, లెక్కలు తీసి మర్నాడు రాయడం, జనరల్ బాడీకి (ఇళ్లవాళ్లందరి మీటింగ్‌కు) వదిలేయడం.

మాట ఎంత ఘాటుగా ఉందో చూసి దారి ఎంచుకుంటే దాదాపు ప్రతిసారీ తప్పుతుంది. జవాబు కోసం ఇంకెవరు కాచుకుని ఉన్నారో చూడాలి. పైన ఉన్నవి మూడు వాక్యాలు: ఒక నింద, ఒక లెక్క, ఒక తిట్టు. గ్రూపులో 120 ఇళ్లుంటే 120 ఇళ్లకూ కావలసింది మధ్య వాక్యానికి జవాబు. తిట్టుకు జవాబు ఎవరికీ అక్కర్లేదు, అది రాసినాయనకు కూడా.

అక్కడికక్కడే జవాబు

చేయి దురద పెట్టేది దీనికే. నష్టం ఎక్కువ జరిగేదీ దీనితోనే. కోపం తలకెక్కినప్పుడు గుండె దడ, చెమట, ఊపిరి వేగం తగ్గడానికే కొంత సేపు పడుతుంది. దంపతుల తగాదాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన అమెరికన్ మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ కనీసం 20 నిమిషాలు మాట ఆపమంటాడు. ఆ 20 నిమిషాలూ "ఎంత మాటన్నాడు" అని తిప్పి తిప్పి తలచుకుంటే ఆపినా ఆపనట్టే.

కమిటీవాళ్ల సొంత గ్రూపులో తిట్టుకుంటే బరువు దిగుతుందని చాలామంది నమ్మకం. మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులు రాసిన వ్యాసాలను ఘోరంగా తిట్టించారు. తర్వాత కొందరు ఆ తిట్టినవాణ్ని తలచుకుంటూ పంచింగ్ బ్యాగును బాదారు, కొందరు వ్యాయామం కోసమని బాదారు, ఇంకొందరు ఊరికే కూర్చున్నారు. తిట్టినవాణ్ని తలచుకుంటూ బాదినవాళ్ల కోపమే అందరికన్నా ఎక్కువగా మిగిలింది. ఊరికే కూర్చున్నవాళ్లు అందరికన్నా తక్కువ దూకుడు చూపించారు. కాబట్టి కమిటీ గ్రూపులో "చూశారా ఈయన్ని" అని మొదలుపెట్టడం కన్నా వెళ్లి గిన్నెలు కడుక్కోవడం నయం.

ఇంకో చిక్కు, రాతలో గొంతు వినపడదు. క్రూగర్, ఎప్లీ బృందం 2005లో ప్రచురించిన పరిశోధనలో, ఈమెయిల్‌లో తమ వ్యంగ్యాన్ని ఎదుటివాళ్లు 78 శాతం సార్లు పట్టుకుంటారని పంపినవాళ్లు అంచనా వేశారు. పట్టుకున్నది 56 శాతం సార్లే. గుడ్డిగా బొమ్మా బొరుసా అన్నా 50 వస్తుంది. మనం సరదాగా వేసిన చురక అవతల కత్తిలా దిగేదీ, ఎదుటాయన మామూలుగా అడిగింది మనకు ఎత్తిపొడుపులా వినపడేదీ అందుకే.

"కమీషన్ మేమెవరం తీసుకోలేదు!" అని మొదటి నిమిషంలోనే రాస్తే గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. అప్పటిదాకా ఆ మాట పట్టించుకోనివాళ్లు కూడా పైకి వెళ్లి మళ్లీ చదువుతారు. దిద్దుకుందామంటే వాట్సాప్‌లో 15 నిమిషాలే గడువు. చెరిపేస్తే చెరిపిన గుర్తు అక్కడే ఉంటుంది, అప్పటికే ఎవరో స్క్రీన్‌షాట్ తీసి ఉంటారు.

వెంటనే జవాబివ్వాల్సిన సందర్భం ఒకటుంది. "లిఫ్టులో మా అమ్మ ఇరుక్కుంది, కమిటీ నిద్రపోతోందా?" అంటే నిద్ర సంగతి వదిలేసి "టెక్నీషియన్ బయల్దేరాడు, సెక్యూరిటీ మూడో అంతస్తులో ఉన్నాడు" అని ఆ క్షణమే రాయాలి.

ఊరుకోవడం

మౌనేన కలహో నాస్తి అంటారు, మౌనం అర్ధాంగీకారం అనీ అంటారు. రెండూ నిజమే, వేరువేరు చోట్ల. వట్టి తిట్టు, వెక్కిరింపు, "మీ తెలుగువాళ్లంతా ఒకటైపోయారు" లాంటి భాష గొడవ: వీటికి మాట పడ్డ మనిషి నోరు మెదపకూడదు. భాష, ఊరు తెచ్చిన మాటను తీసేయాల్సింది గ్రూపు అడ్మిన్, వీలైతే తెలుగువాడు కాని అడ్మిన్. డబ్బు మాటకు మాత్రం మౌనం పనికిరాదు. రెండు రోజులు జవాబు లేకపోతే నిప్పు లేనిదే పొగ రాదనే మాట లిఫ్టులో మొదలవుతుంది. గ్రూపులో అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకుండా తాళం వేయడం మౌనం కన్నా అధ్వానం. వారం తిరక్కుండా కమిటీ లేని కొత్త గ్రూపు పుడుతుంది, అక్కడ ఏమంటున్నారో మీకు తెలియను కూడా తెలియదు.

ఫోన్ చేయడం, తలుపు తట్టడం

పార్కింగ్, కుక్కలు, పైఇంటి చప్పుడు, పనిమనిషి తగాదా లాంటి వాటికి ఇదే అన్నిటికన్నా మేలు. గ్రూపులో పులిలా ఉన్న మనిషి గుమ్మంలో "రండి సార్, కాఫీ తాగుతారా" అంటాడు. వీటిలో మిగతా ఇళ్లవాళ్లకు తెలియాల్సింది ఏమీ ఉండదు, ఒకరిద్దరి మధ్య తేలిపోతే సరి.

డబ్బు మాటకు మాత్రం ఫోన్ మొదటి అడుగు కాకూడదు. మీరు ఫోన్ చేశాక ఆయన చల్లబడి గ్రూపులో ఇంకేమీ రాయకపోతే, చూసేవాళ్లకు అది సర్దుబాటు చేసుకున్నట్టే కనిపిస్తుంది. ముందు లెక్క గ్రూపులో పెట్టి, ఆ తర్వాత "ఇంకా సందేహం ఉంటే చెప్పండి సార్" అని ఫోన్ చేయండి. ఈ వరస తిరగబడితే ఎంత నిజాయితీ ఉన్నా అనుమానం పోదు.

వాయిస్ నోట్ గురించి ఒక్క మాట: వద్దు. కోపం రాతలో కన్నా గొంతులో త్వరగా బయటపడుతుంది. పైగా మూడు నిమిషాల ఆడియోలో అంకెలు ఎవరికీ గుర్తుండవు.

లెక్కలు తీసి రాయడం

పై నిందకు ఇదే సరైన దారి. కాస్త వివరంగా చూద్దాం.

రాత్రికి ఒక్క వాక్యం చాలు: "చూశాను. బిల్లులు, గేటు రిజిస్టర్ సరిచూసి రేపు రాత్రి 8 లోపు లెక్క పెడతాను." గడువు తప్పితే మౌనం కన్నా చెడ్డ పేరు వస్తుంది, కాబట్టి సాయంత్రం 5కే అయిపోతుందనిపించినా 8 అనే రాయండి. "నోటెడ్" అనకండి, బొటనవేలి గుర్తు పెట్టకండి. రెండూ "పోవయ్యా" అన్నట్టే వినపడతాయి.

మర్నాడు మూడు కాగితాలు పక్కపక్కన పెట్టుకోవాలి: సప్లయర్ బిల్లు, గేటు దగ్గర సెక్యూరిటీ రాసే ట్యాంకర్ రిజిస్టర్, బ్యాంకు స్టేట్‌మెంట్. ఉదాహరణకు ఫిబ్రవరిలో 12,000 లీటర్ల ట్యాంకర్లు 40, ఒక్కోటి 1,000 రూపాయలు, మొత్తం 40,000. మార్చిలో 64, ఒక్కోటి 1,300, మొత్తం 83,200. అంటే రెట్టింపు అన్నాయన అబద్ధమేమీ చెప్పలేదు. పెరిగింది 43,200. దీన్ని రెండుగా విడగొట్టాలి: అదనపు 24 ట్యాంకర్లు పాత ధరకు 24,000, ధర 300 పెరిగినందుకు 64 ట్యాంకర్ల మీద 19,200. ఇలా విడగొట్టాక అడిగేవాళ్లు రెండు వేర్వేరు ప్రశ్నలు అడగగలుగుతారు. బోరు ఎందుకు తగ్గింది, ధర ఎందుకు ఒప్పుకున్నారు?

ఆ రెండో ప్రశ్న వెనక చాలామంది మనసులో ఉండేది 2024 మార్చి. ఆ ఎండాకాలం నీటి కరువులో నగర జిల్లా యంత్రాంగం ప్రైవేటు ట్యాంకర్లకు ధరలు కట్టింది. 12,000 లీటర్లకు 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలు, 5 నుంచి 10 కిలోమీటర్ల దాకా 1,200. ఆ అంకెలు తలలో పెట్టుకున్న మనిషికి 1,300 కనిపిస్తే కమీషన్ అనే అనిపిస్తుంది. అది తాత్కాలిక ఉత్తర్వు అని పాఠం చెబితే ఇంకా మండుతుంది. ఎన్ని చోట్ల కొటేషన్ అడిగారో, ఎవరు ఎంత చెప్పారో ముందు పెడితే చాలు.

ఇక అసలు పరీక్ష. బిల్లులో 64 ఉన్నాయి, గేటు రిజిస్టర్‌లో 62 ఉన్నాయి అనుకుందాం. సెక్యూరిటీ రాయడం మరిచాడా, సప్లయర్ ఎక్కువ వేశాడా తెలియదు. 2,600 రూపాయల తేడా. "చిన్నదే కదా" అని దాటేయాలనిపిస్తుంది. దాటేయకూడదు. విమర్శించినాయన శనివారం రిజిస్టర్ అడిగి లెక్కబెడితే అదొక్కటే మిగతా 80,600కీ మసి పూస్తుంది. మీరే ముందు రాస్తే అదే తేడా మీకు సాక్ష్యం అవుతుంది.

జవాబు ఇలా ఉండొచ్చు:

"మార్చి నీళ్ల ఖర్చు 83,200, ఫిబ్రవరిలో 40,000. పెరిగిన 43,200లో 24,000 ట్యాంకర్లు 40 నుంచి 64 అయినందుకు, 19,200 ధర 1,000 నుంచి 1,300 అయినందుకు. బోరు రోజుకు 6 గంటలు నడిచేది, మార్చిలో 3 గంటలకు మించి నీళ్లు రాలేదు. ముగ్గురు సప్లయర్లను అడిగాం, తక్కువ చెప్పినవారిది 1,300. బిల్లులో 64 ఉన్నాయి, గేటు రిజిస్టర్‌లో 62. తేడా తేలేదాకా 2,600 చెల్లించకుండా ఆపాం. బిల్లులు, రిజిస్టర్ శనివారం 10 నుంచి 12 దాకా ఆఫీసులో ఎవరైనా చూడవచ్చు. తక్కువకు ఇచ్చేవారు తెలిస్తే నంబర్ పంపండి."

ఇందులో కమీషన్ అన్న మాట లేదు, సిగ్గు ఊసు లేదు, విమర్శించినాయన పేరూ లేదు. పేరు పెట్టి రాస్తే ఆయన మళ్లీ జవాబివ్వక తప్పదు. పేరు లేకపోతే ఊరుకునే వీలు ఆయనకూ ఉంటుంది.

రిజిస్టర్‌లో ట్యాంకర్ల సంఖ్య ఒక్కటే కాకుండా సంప్ (ట్యాంకర్ నీళ్లు పోసే నేల తొట్టి) మట్టం కూడా రాయిస్తే వచ్చే నెల ఇంత తిప్పలు ఉండదు. 6 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న సంప్‌లో 12,000 లీటర్లు పడితే మట్టం సరిగ్గా 50 సెంటీమీటర్లు పెరగాలి. 45 మాత్రమే పెరిగిందంటే వచ్చింది 10,800. కొలిచేటప్పుడు పై ట్యాంకుకు ఎక్కించే మోటారు ఆపాలి, లేదంటే సప్లయర్‌తో అనవసరంగా తగువు.

ఎవరు రాయాలన్నది కూడా ముఖ్యమే. అంకెలు ట్రెజరర్ రాయాలి. మాట హద్దు దాటితే "వ్యక్తిగత దూషణలు వద్దు, ప్రశ్నకు జవాబు వస్తుంది" అని ప్రెసిడెంట్ ఒక్క వాక్యం రాయాలి. రెండూ నింద పడ్డ మనిషే రాస్తే లెక్కలోకి బాధ చొరబడుతుంది.

భాష విషయంలో మనవాళ్లు జారే చోట్లు కొన్ని. కోపం వస్తే మీరు కాస్తా నువ్వు అయిపోతుంది, అది అందరికీ తెలిసిందే. కానీ ఒక్కసారిగా "తమరు", "మహానుభావులు" అనడం అంతకన్నా పెద్ద తిట్టు. ఎప్పుడూ ఎలా పిలుస్తారో అలాగే, అంకుల్ అయితే అంకుల్, సార్ అయితే సార్. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు "యాజ్ ఆల్రెడీ మెన్షన్డ్", "కైండ్లీ అండర్‌స్టాండ్" తీసేయండి, మర్యాద ముసుగులో ఉన్న విసుగు ఎవరికైనా తెలుస్తుంది. పెద్ద గ్రూపులో పడ్డ నిందకు తెలుగువాళ్ల ఉగాది గ్రూపులో సంజాయిషీ ఇవ్వడం మరీ ప్రమాదం. అది బయటికి పొక్కితే డబ్బు గొడవ భాష గొడవగా మారుతుంది.

జనరల్ బాడీకి వదిలేయడం

ధర ఒప్పందం మార్చాలా, కొత్త బోరు వేయాలా లాంటి నిర్ణయాలకు అదే చోటు. నిందకు కాదు, మూడు నెలల తర్వాత వచ్చే మీటింగ్‌కల్లా నింద పుకారై స్థిరపడుతుంది. మీటింగ్‌లోనే ఎవరైనా లేచి అరిస్తే మీరు లేవకండి. ఇద్దరూ నిలబడితే గొంతులు రెండూ పెరుగుతాయి. ప్రశ్నను కాగితం మీద రాసుకుని "మీరడిగేది ట్యాంకర్ ధర ఎవరు ఒప్పుకున్నారని, అంతేనా?" అని చదివి వినిపించండి. ఔనన్నాక జవాబు ఆయన కళ్లలోకి చూస్తూ కాకుండా హాలు మొత్తానికి చెప్పండి. లెక్కల కాపీలు ముందు వరసలో తిప్పితే జనం అరుపుల మీంచి కాగితం మీదికి దృష్టి మళ్లిస్తారు.

పరువు నష్టం కేసు వేస్తానని గ్రూపులో బెదిరించడం చాలామందికి చివరి అస్త్రం. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా సాధారణ జైలుశిక్షకు వీలున్న మాట నిజమే. కానీ ఆ మాట గ్రూపులో పడ్డాక లెక్క అడగాలనుకున్న మిగతావాళ్లూ నోరు మూసుకుంటారు, అనుమానం మాత్రం అలాగే ఉంటుంది. నిజంగా వేయాల్సినంత నింద అయితే గ్రూపులో ఒక్క మాట అనకుండా, స్క్రీన్‌షాట్లు తీసుకుని వకీలు దగ్గరికి వెళ్లడమే.

లెక్క పెట్టాక కూడా అదే నింద మళ్లీ వస్తే కొత్తగా రాయక్కర్లేదు. పాత జవాబును ట్యాగ్ చేసి "శనివారం 10 నుంచి 12" అన్న వాక్యం ఒక్కటి కలపండి. మూడోసారి అదీ వద్దు. శనివారం ఆఫీసుకు ఎవరెవరు వచ్చి ఏం చూశారో రిజిస్టర్‌లో సంతకం మాత్రం పెట్టించుకోండి.