టెల్‌స్టార్ 1: రిపీటర్ భేష్, కక్ష్యతోనే పేచీ

1962 జూలై 10న కేప్ కెనవరాల్ నుంచి పైకెళ్లిన టెల్‌స్టార్ 1 ఉపగ్రహం, అట్లాంటిక్ మీదుగా ఫోన్, టీవీ సిగ్నళ్లు దాటించేది, ప్రభుత్వం చేయించింది కాదు, ఒక టెలిఫోన్ కంపెనీది. డిజైన్, తయారీ ఆ కంపెనీ, అంటే ఏటీ అండ్ టీ, వారి పరిశోధనశాల బెల్ ల్యాబ్స్‌వి. థార్-డెల్టా రాకెట్‌ని నాసా ఎగరేసింది, అందుకు కంపెనీ దాదాపు 30 లక్షల డాలర్లు కట్టింది. సొంత డబ్బు పెట్టి చేయించుకున్న సరుకు గనక సరుకుగానే తూచాలి.

అసలు బలం రిపీటర్‌ది, అంటే సిగ్నల్‌ని అందుకుని పెంచి తిరిగి పంపే పరికరానిది. 77 కిలోల గోళం, అడ్డంగా 88 సెంటీమీటర్లు, ఒంటినిండా 3,600 సోలార్ సెల్స్. వాటి నుంచి వచ్చేది 14 వాట్లే. లోపల వెయ్యికి పైగా ట్రాన్సిస్టర్లున్నా వాక్యూమ్ ట్యూబు మాత్రం ఒక్కటే, అది సిగ్నల్‌ని పెంచే ట్రావెలింగ్ వేవ్ ట్యూబ్. కింది నుంచి 6 గిగాహెర్ట్జ్ దగ్గర వచ్చిన సిగ్నల్‌ని 4 గిగాహెర్ట్జ్‌కి మార్చి, రెండు వాట్ల పైచిలుకు శక్తితో తిరిగి పంపుతుంది. 1960 నాటి ఎకో బెలూన్ సిగ్నల్‌ని ఊరికే వెనక్కి కొట్టేది, ఇది పెంచి పంపుతుంది. సామర్థ్యం 600 ఫోన్ కాల్స్ లేదా ఒక టీవీ ఛానల్. ఇక్కడ వంక పెట్టడానికేమీ లేదు.

పేచీ కక్ష్యతో. భూమికి దగ్గరగా 950 కిలోమీటర్లు, దూరంగా 5,900, ఒక చుట్టుకి 2 గంటల 37 నిమిషాలు. అట్లాంటిక్ రెండు ఒడ్డులకీ ఒకేసారి కనిపించేది ఇరవై నిమిషాలు, అదీ కొన్ని చుట్లలోనే. రోజంతా లైన్ నిలవాలంటే ఇలాంటివి డజన్లకొద్దీ కావాలి. పైగా దిగిపోతున్నదాన్ని ఒక యాంటెనా పట్టుకుని ఉండగానే, ఎక్కుతున్నదాన్ని అందుకోవడానికి ప్రతి స్టేషన్‌లోనూ ఇంకోటి సిద్ధంగా ఉండాలి. ఆ యాంటెనా చిన్నదీ కాదు. తిరుగుతూ పోయే ఉపగ్రహం తన రెండు వాట్లనీ నలుదిక్కులా చల్లేస్తుంది కాబట్టి నేలకి చేరేది నామమాత్రమే. దాన్ని ఏరుకోవడానికి అమెరికాలోని ఆండోవర్ స్టేషన్‌లో 54 మీటర్ల పొడవు, 340 టన్నుల పైబడిన హార్న్ (కొమ్ము ఆకారపు యాంటెనా), దాని వెనక ద్రవ హీలియంతో చల్లబరిచే రూబీ మేజర్ (బలహీన సిగ్నల్‌ని పెంచే పరికరం) పెట్టారు. పైన చేసిన పొదుపంతా కింద వడ్డీతో సహా కట్టడమే ఇది.

స్టేషన్ కట్టేవాళ్లు మొదట సరిచూసుకోవాల్సింది వృత్తాకార ధ్రువణం దిశ, అంటే రేడియో తరంగం మెలితిరుగుతూ వచ్చే వైపు. కుడా, ఎడమా అన్నది పంపేవైపు నుంచి చూస్తే ఒకటి, అందుకునేవైపు నుంచి చూస్తే ఇంకోటి. తిరగేసి బిగిస్తే సిగ్నల్ దాదాపు అంతా పోతుంది. మొదటి రాత్రి ఫ్రాన్స్‌లోని ప్లమర్-బోదూకి బొమ్మ శుభ్రంగా వస్తే, ఇంగ్లండ్‌లోని గూన్‌హిల్లీలో మసకగా మిగలడానికి కారణం ఇదే.

రెండో లోపం మన్నిక. ప్రయోగానికి ముందురోజే అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున స్టార్‌ఫిష్ ప్రైమ్ అణుబాంబు పేల్చింది. అక్కడ చిక్కుకున్న ఎలక్ట్రాన్ల దెబ్బకి ట్రాన్సిస్టర్ డబ్బాల్లోని వాయువు అయనీకరణ చెంది, ఉపరితలం మీద చార్జి పేరుకుంది. నవంబరుకి, నేల నుంచి వచ్చే ఆదేశాల్ని చదివే కమాండ్ డీకోడర్ మాట వినడం మానేసింది. వోల్టేజీ తీసేస్తే ఆ చార్జి మెల్లగా జారిపోతుందని బెల్ ఇంజనీర్లు కనిపెట్టి, డీకోడర్‌ని ఏమార్చే పల్సులు పంపి 1963 జనవరిలో లేపారు. ఫిబ్రవరి 21న మళ్లీ పడిపోయింది, ఇక లేవలేదు. అమ్మకం తర్వాత సర్వీసు మాత్రం మెచ్చుకోవాలి: మేలో వెళ్లిన టెల్‌స్టార్ 2లో వాయువు తీసేసిన డబ్బాలు వాడారు, కక్ష్య కూడా పెంచారు.

ప్రత్యామ్నాయం? హ్యూస్ కంపెనీది. హెరాల్డ్ రోజెన్ బృందం 36,000 కిలోమీటర్ల ఎత్తునే పట్టుకు కూర్చుంది, అక్కడ ఉపగ్రహం భూమితో సమానంగా తిరుగుతుంది. వాళ్ల మొదటి ఉపగ్రహం సిన్‌కామ్ 1 కక్ష్య మోటారు మండే వేళ మూగబోయింది, 1963 జూలైలో సిన్‌కామ్ 2 పనిచేసింది. 1965 ఏప్రిల్‌లో అమెరికా ఉపగ్రహ సంస్థ కామ్‌శాట్ కోసం అదే కంపెనీ చేసిన ఎర్లీ బర్డ్ మోసేది 240 ఫోన్ సర్క్యూట్లే, అయినా ఆకాశంలో దాదాపు ఒకేచోట నిలిచింది. పద్దెనిమిది నెలలకని చేస్తే నాలుగేళ్ల దాకా నడిచింది. అట్లాంటిక్ ఫోన్ లైన్‌కి డబ్బు పెట్టాల్సింది దీనిమీదే.

లోపాలు దీనికీ ఉన్నాయి. ఒకేసారి రెండు స్టేషన్లనే కలిపేది, టీవీ పెడితే ఫోన్లన్నీ దిగిపోవాల్సి వచ్చేది. బెల్ వాళ్ల అభ్యంతరమూ నిజమే: మాట అవతలికి చేరడానికి పావు సెకను పైన పడుతుంది, తిరుగు ప్రతిధ్వనికి అరసెకను దాటుతుంది. ప్రతిధ్వనిని అణిచే ఎకో సప్రెసర్ లేకుండా అప్పట్లో వాడలేకపోయేవాళ్లు. అది ఉన్నా, ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే మాటల మొదళ్లు తెగిపోయేవి.