ఆరేళ్లుగా రోజూ వాడుతున్న లిథియం టైటనేట్ ప్యాక్

పగలు సోలార్ ప్యానెల్‌తో నిండుతుంది, రాత్రి లైట్లు, రౌటర్, డీసీ ఫ్యాన్ నడిపి ఖాళీ అవుతుంది. ఆరేళ్లుగా నా ప్యాక్ పని ఇదే. ఇలా నిండి ఖాళీ అయ్యే సైకిళ్లు రెండు వేలు దాటాయి. మొదటి నెలలో టెస్టర్ కెపాసిటీ 40 ఆంపియర్ అవర్లు చూపింది, పోయిన వారం 38. అంతకుముందు ఇదే పనికి పెట్టిన లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండేళ్లు కూడా నిలవలేదు. ఆ 38 చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇన్నేళ్లు మన్నడానికి కారణం యానోడ్, అంటే ఛార్జ్ చేసేటప్పుడు లిథియం వెళ్లి చేరే ఎలక్ట్రోడ్. మామూలు లిథియం సెల్లో అది గ్రాఫైట్, నా ప్యాక్‌లో లిథియం టైటనేట్. లిథియం లోపలికి చేరిన ప్రతిసారీ గ్రాఫైట్ దాదాపు 10 శాతం ఉబ్బుతుంది, బయటికి పోతే తగ్గుతుంది. దాని మీద కట్టిన పల్చటి పొర పగిలి, మళ్లీ కట్టుకుంటూ ప్రతిసారీ కొంత లిథియంను మింగేస్తుంది. టైటనేట్ ఉబ్బేది ఒక శాతం కన్నా తక్కువే. పైగా లిథియంతో పోల్చితే 1.55 వోల్టుల దగ్గర పనిచేస్తుంది కాబట్టి ఆ పొర బెడద చాలా తక్కువ. కరెంటును సరిగా పోనివ్వకపోవడమే దీని లోపం. అందుకే రేణువుల్ని నానో సైజుకు చిన్నవి చేసి, కార్బన్ పూత వేస్తారు. రేణువు చిన్నదైతే లిథియం నడవాల్సిన దూరం తగ్గుతుంది. ఒకసారి 40 ఆంపియర్లు ఇచ్చి గంటలో నింపి చూశాను, సెల్ గోరువెచ్చగా ఉంది, అంతే.

కొనేవాళ్లు ముందు వోల్టేజీ సంగతి చూసుకోవాలి. సెల్‌కు 2.3 వోల్టులే, ఐదు వరసగా కలిపితే 11.5. అమ్మినాయన నాకు ఐరన్ ఫాస్ఫేట్ అనే మరో రకం లిథియం సెల్స్‌కు పెట్టే బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే సర్క్యూట్) అంటగట్టాడు. సెల్ 2.5 కిందికి దిగగానే అది ఖాళీ అయిందనుకుని ఆపేస్తుంది. టైటనేట్ పనిచేసేదే అంతకన్నా కింద! సెల్స్ పాడయ్యాయేమోనని వారం రోజులు టెన్షన్ పడ్డాను. కొత్తది వచ్చేలోపు బీఎంఎస్ లేకుండా నేరుగా కలిపి వాడితే ఒక రాత్రి సెల్స్ ఒక వోల్టు కిందికి పడిపోయాయి. మెల్లగా ఛార్జ్ చేస్తే కోలుకున్నాయి. గ్రాఫైట్ సెల్లో యానోడ్ వెనక రాగి రేకు ఉంటుంది, అంత లోతుకు పోతే అది కరుగుతుంది. టైటనేట్‌కు అల్యూమినియం రేకు వాడుకోవచ్చు, దానికి ఆ ప్రమాదం లేదు.

లెడ్ యాసిడ్ కోసం చేసిన సోలార్ కంట్రోలర్లు 14.4 దాకా నింపుతాయి, అంటే సెల్‌కు 2.88. హద్దు 2.8. నేను 13.5 దగ్గర ఆపేలా పెట్టుకున్నాను. అతిగా నింపినా, వేడిలో ఉంచినా ఇందులో గ్యాస్ పుడుతుంది. నానో రేణువులకు ఉపరితలం ఎక్కువ కాబట్టి ఎలక్ట్రోలైట్‌తో (సెల్ లోపలి ద్రవంతో) ఈ గొడవా ఎక్కువే. స్పేర్‌గా తీసుకున్న ఆరో సెల్ అడుగు ఉబ్బి వచ్చింది, బోల్టుల చుట్టూ గీతలున్నాయి. ఎక్కడో వాడి తీసిందే. సెల్ చేతికి రాగానే అడుగు చూడండి, ఇంటర్నల్ రెసిస్టెన్స్ (సెల్ లోపల కరెంటుకు ఎదురయ్యే అడ్డు) కొలవండి.

బరువు మాత్రం ఒప్పుకోవాల్సిందే. గ్రాఫైట్ గ్రాముకు 372 మిల్లీఆంపియర్ అవర్లు దాచగలిగితే టైటనేట్ 175 దగ్గరే ఆగిపోతుంది. ఐదు సెల్స్ కలిసి ఆరు కిలోలు, ఇచ్చేది 460 వాట్ అవర్లు. వెంట మోసుకెళ్లే పనికైతే వద్దంటాను. ఓ మూల కదలకుండా ఉండి రోజూ పనిచేయాలంటే నేను మళ్లీ ఇదే కొంటాను. కొన్నాను కూడా. రెండో ప్యాక్ కోసం వచ్చిన ఐదు సెల్స్‌ను నిన్నటి నుంచి ఒక్కొక్కటిగా టెస్టర్‌కు పెడుతున్నాను. నాలుగు బాగున్నాయి, ఐదోదాని రీడింగ్ ఇంకా రావాలి.