నీలం ముల్లు, ఎర్ర ముల్లు: ఏడు వేసవుల వాడకం తర్వాత

కారు ఏసీలోంచి వేడిగాలి వస్తోందని చెబితే చాలా షాపుల్లో మొదట వినబడే మాట ఒక్కటే: "గ్యాస్ అయిపోయింది సార్, నింపేద్దాం." ఏడేళ్ల కిందట ఒకే ఎండాకాలంలో నాచేత మూడుసార్లు నింపించారు. మూడో బిల్లు కట్టినరోజే విజయవాడ ఆటోనగర్‌లో ఏసీ పైపుల్లో గ్యాస్ ప్రెషర్ చూపించే ఈ గేజ్ సెట్ కొన్నాను. రెండు వేల చిల్లర అయింది. నీలం గేజ్ తక్కువ ప్రెషర్ ఉండే "లో సైడ్" పైపుకి, ఎరుపు ఎక్కువ ప్రెషర్ ఉండే "హై సైడ్" పైపుకి, మధ్యలో పసుపు గొట్టం గ్యాస్‌కో, లోపలి గాలి, తేమ లాగేసే వాక్యూమ్ పంపుకో. బ్రాండ్ అడగొద్దు, డబ్బా మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయాయి.

ఇంజిన్ ఆపి తగిలించగానే రెండు ముళ్లూ 40 దగ్గర నిలబడ్డాయి. మన ఎండకి నా కారు ఏసీలో ఉండే ఆర్134ఏ గ్యాస్ వంద పీఎస్ఐ (ప్రెషర్ కొలత) పైనే చూపించాలి. అంటే లోపల దాదాపు ఖాళీ. మరి పోయిన నెలలో నింపిన గ్యాస్ ఎటు పోయినట్టు? సబ్బు నురగ పట్టుకుని పైపు జాయింట్లన్నీ వెతికాను, ఏమీ లేదు. చివరికి గ్యాస్ ఎక్కించే నాజిల్ మీదే ఒక బుడగ మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది. దాని మూత కూడా ఎవరూ తిరిగి పెట్టలేదు. లోపలి పిన్ను టైరు వాల్వ్ పిన్నులాంటిదే, ఖరీదు లెక్కలోకి రాదు. అది మార్పించి, అరగంట వాక్యూమ్ పెట్టించి, బానెట్ కింద స్టిక్కర్ మీద రాసినట్టు 450 గ్రాములు తూకం వేసి పట్టించాను. గేజ్ డబ్బులు ఆ రోజే వచ్చేశాయి.

మరుసటి ఏడాది మాత్రం నేనే బోల్తా పడ్డాను. ఇంజిన్ ఆపి చూస్తే 110 ఉంది, గ్యాస్ నిండుగా ఉందనుకున్నా. ఆగి ఉన్నప్పటి ప్రెషర్ వేడిని బట్టి ఉంటుందే తప్ప గ్యాస్ ఎంత ఉందో చెప్పదు. లోపల కొంచెం ద్రవం మిగిలినా ముల్లు అక్కడే నిలబడుతుంది. ఇంజిన్ 1500 ఆర్‌పీఎంలో, బ్లోయర్ ఫుల్లులో పెట్టి చూస్తేనే నిజం బయటపడింది: లో సైడ్ 15, హై సైడ్ 130. రెండూ తక్కువే, అంటే గ్యాస్ తక్కువ. నా కారుకి 38 డిగ్రీల ఎండలో లో సైడ్ 35, హై సైడ్ 230 దగ్గర ఉంటే బాగున్నట్టు. ఆ అంకెలు గేజ్ డబ్బా మూత లోపల కాగితం మీద రాసి అంటించుకున్నాను.

దీని అసలు విలువ నాకు తెలిసింది 2022 రోహిణి కార్తెలో. గన్నవరం రోడ్డులో పరుగు మీదుంటే చల్లగా ఉండేది, బెంజ్ సర్కిల్‌లో ఆగితే పొయ్యి దగ్గర కూర్చున్నట్టుండేది. ఇంటి ముందు కారు ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి చూస్తే ఎర్ర ముల్లు 300 దాటి 350 వైపు ఎక్కుతోంది. మా ఆవిడ చేతిలో బకెట్ అందుకుని కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటికి వదిలే ముందువైపు జాలీ) మీద మెల్లగా నీళ్లు పోశాను. ముల్లు అక్కడికక్కడే దిగి 220కి వచ్చింది. లోపల గాలి చల్లబడింది. తీరా చూస్తే కండెన్సర్ ఫ్యాన్ తిరగడమే లేదు. స్క్రూడ్రైవర్ పిడితో మోటారు మీద రెండు దెబ్బలు వేస్తే కిర్రుమని తిరిగింది, బ్రష్షులు అరిగిపోయాయన్నమాట. అప్పుడు కూడా షాపుకి వెళ్లి ఉంటే గ్యాసే పట్టేవాళ్లు, ప్రెషర్ ఇంకా ఎక్కేది.

ఇంకోసారి అరగంట నడిపాక చల్లదనం పోయేది. ఏసీ ఆన్‌లో ఉండగానే రెండు ముళ్లూ ఒకే అంకె మీదకి వచ్చి ఆగిపోయాయి. గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్ తిరగట్లేదని అర్థం. కంప్రెసర్‌ని ఇంజిన్ బెల్టుకి కలిపే అయస్కాంత క్లచ్ వైరుకి 12 వోల్టులు వస్తున్నాయి, అది అతుక్కునే టక్ శబ్దం మాత్రం లేదు. క్లచ్ ప్లేటు గ్యాప్ పెరిగి, వేడెక్కాక కాయిల్ ఆ ప్లేటుని లాగలేకపోతోంది. గ్యాప్ కోసం పెట్టే పల్చటి రింగు, షిమ్, ఒకటి తీసేస్తే సరిపోయింది.

గేజ్ పట్టలేని జబ్బులూ ఉన్నాయి. మా బావమరిది కారులో 35, 220, లో సైడ్ పైపు మంచులా చల్లగా చెమట పట్టి ఉంది. "ముళ్లు బాగానే ఉన్నాయంటున్నావు, మరి నాకెందుకు బావా చెమటలు?" అన్నాడు వాడు. రెండు గంటలు పోగొట్టుకున్నాక తేలింది, డాష్‌బోర్డ్ లోపల హీటర్ ఫ్లాప్ ఇరుక్కుపోయింది.

లోపాలు: గొట్టాల చివర రబ్బరు రింగులు రెండేళ్లకోసారి మార్చాల్సిందే. తీసిన ప్రతిసారీ కాస్త గ్యాస్ బుస్సుమని పోతుంది, అందుకే ఊరికే తగిలించి చూడను. కళ్లకి రక్షణ అద్దాలు లేకుండా అసలు ముట్టుకోను. ఎరుపు గేజ్ ఈమధ్య సున్నాకి రావడం లేదు, ఐదు ఎక్కువ చూపిస్తోంది. ఆర్134ఏకి బదులు 1234వైఎఫ్ అనే గ్యాస్ ఉన్న కొత్త కార్లకి ఈ గొట్టాల చివరి కప్లర్లు పట్టవు. కొనేవాళ్లు ముందు తమ బానెట్ కింద స్టిక్కర్ చూసుకోవాలి.