ఒకే భుజం, రెండు కత్తెరలు: సూటు కోసం లండన్, నేపుల్స్

నా కుడి భుజం ఎడమదాని కన్నా కాస్త దిగి ఉంటుందన్న సంగతి సూట్లు కుట్టే దర్జీలకు పేరుపడ్డ లండన్‌లోని సెవిల్ రో వీధిలో కొలతలిస్తూ నిలబడ్డప్పుడే నాకు మొదటిసారి తెలిసింది. లోపల పలుచగా దూది పొర వేస్తే రెండు భుజాలూ సమానంగా కనిపిస్తాయని అక్కడి కటింగ్ మాస్టరు అన్నారు. వారం తిరగకముందే ఇటలీలోని నేపుల్స్‌లో మరో మాస్టరు అదే భుజాన్ని చేత్తో తడిమి, దీన్ని దాచడం దేనికి, కోటు కూడా దానితోపాటే దిగాలన్నారు. మూడు విడతలుగా సాగిన ఈ ప్రయాణంలో నాకూ మా అన్నయ్యకూ నడిచిన తగవంతా ఈ రెండు మాటల మధ్యనే.

సెవిల్ రోకు పికాడిలీ సర్కస్ స్టేషన్ నుంచి నడిచి పోవచ్చు కాబట్టి, ఆ వీధి ఉన్న ఖరీదైన మేఫెయిర్ పేటలోనే బస చేయాలన్న పట్టుదల అనవసరమని మొదటి విడతలోనే మాకు అర్థమైంది. ఆ వీధిలో నడుస్తూ కిందికి చూస్తే, నేలమాళిగ కిటికీల వెనక బల్లల ముందు వంగి కుడుతున్న పనివాళ్లు కనిపిస్తారు. ఇంగ్లీషు కోటు అంటే బిగుతుగా, గట్టిగా ఉంటుందనే అభిప్రాయం మాత్రం అక్కడ నిలవదు. హంట్స్‌మన్ అనే దర్జీ కొట్టువారిది తీర్చిన భుజం, ఒకే గుండీ. పక్కనే ఓల్డ్ బర్లింగ్టన్ వీధిలోని ఆండర్సన్ అండ్ షెపర్డ్ వారిది మెత్తటి భుజం, ఛాతీ మీద కావాలనే వదిలిన గుడ్డ. సింహాసనం వదులుకున్న బ్రిటన్ రాజు డ్యూక్ ఆఫ్ విండ్సర్‌కు బట్టలు కుట్టిన ఫ్రెడరిక్ షోల్టే నుంచి వచ్చిన ఆ వదులును అన్నయ్య కొలత తప్పిన కోటు అనుకున్నాడు. నాకది ఊపిరి తీసుకునే చోటులా అనిపించింది.

మేము వెళ్లిన కొట్టులో పని శ్రద్ధగానే ఉంది గానీ, తెల్ల దారంతో కచ్చా కుట్టు వేసిన కోటును ట్రయల్‌కు ఇవ్వడం రెండు రోజులు జరిపారు, ఆ రెండు రోజుల గది అద్దె మా నెత్తిన పడింది. ట్రయల్‌కు, తిరుగు ప్రయాణానికి మధ్య మూడు రోజులైనా ఉంచుకోవడం మంచిది.

నేపుల్స్‌లో కియాయా ప్రాంతంలో బస చేశాము. లిఫ్టు లేని మూడో అంతస్తు అయినా, దర్జీ దగ్గరికి అయిదు నిమిషాల నడక. దూది, లోపలి బిరుసు గుడ్డ (క్యాన్వాసు) బాగా తగ్గించిన అక్కడి తేలిక కోటుకు 1930లలో రూపమిచ్చిన విన్సెంజో అట్టోలిని పనిచేసిన రూబినాచి వారి కొట్టుకు అప్పట్లో 'లండన్ హౌస్' అని పేరుండటం తమాషాగా ఉంటుంది. ఈ కోటు చెయ్యిని భుజం దగ్గర చొక్కా చెయ్యిలా సన్నని కుచ్చులతో కలుపుతారు; చంక దగ్గరి కోత బాగా పైకి, ఇరుకుగా ఉంటుంది. తొడుక్కున్న మొదటి క్షణంలో అది పట్టేసినట్టు అనిపించినా, కొండవాలు ఎక్కే ఫ్యూనిక్యులర్ రైలులో చెయ్యెత్తి కడ్డీ పట్టుకున్నప్పుడు కోటు పైకి లేవలేదు, కాలరు మెడను వదలలేదు. నన్ను నేపుల్స్ వైపు తిప్పినది ఆ కడ్డీయే. ప్యాంటు విషయంలో మాత్రం లండన్ వారిదే పైచేయి: నడుము ఎత్తుగా, బూటు మీద ఒక్క చిన్న మడతతో అది నిటారుగా దిగింది. నేపుల్స్‌లో చీలమండ కనిపించేంత పొట్టిగా కత్తిరిస్తామంటే మేమిద్దరమూ ఒప్పుకోలేదు.

చివరి విడతలో లండన్ హోటలు లాండ్రీకి నేపుల్స్ కోటు ఇవ్వడం నా పొరపాటు. కాలరు కింద మడిచి ఛాతీ మీద మెత్తగా వాలాల్సిన అంచును, అంటే ల్యాపెల్‌ను, ఇస్త్రీ పెట్టెతో కాగితంలా అణిచేసి ఇచ్చారు. సెవిల్ రో మాస్టరుకు చూపిస్తే, ఆవిరి పట్టి, వేళ్లతో దాన్ని తిరిగి దొర్లించి, పైసా తీసుకోకుండా నా చేతికిచ్చారు. ఇచ్చే ముందు కుడి భుజం మీద ఒకసారి వేలు పెట్టి నొక్కి చూసి, "ఇక్కడ కొంచెం దూది వెయ్యమంటారా?" అని అడిగారు. అన్నయ్య నా వైపు చూసి నవ్వాడు.