రేణిగుంట నుంచి విశాఖకు: విమానంలో గంటా నలభై నిమిషాలు, ఇంటి నుంచి ఏడు గంటలు

నెల్లూరు నుంచి విశాఖపట్నానికి మా ఇంట్లో అందరూ రాత్రి రైలులోనే వెళ్తారు. గత డిసెంబరులో అమ్మను సింహాచలం తీసుకువెళ్ళవలసి వచ్చినప్పుడు, మోకాళ్ళ నొప్పులతో ఆమె పది పదకొండు గంటలు రైలులో అవస్థ పడకూడదని మొదటిసారి తిరుపతి విమానాశ్రయం ఉన్న రేణిగుంట వెళ్ళి విమానమెక్కాము.

రేణిగుంట నుంచి విశాఖకు గగనమార్గంలో దూరం సుమారు 600 కిలోమీటర్లు. పటంపై ఈ రెండింటినీ కలుపుతూ గీత గీస్తే అది మన నెల్లూరు తీరంలోని కృష్ణపట్నం సమీపంలోనే సముద్రం మీదికి వెళ్తుంది. అంటే నెల్లూరువాళ్ళం గూడూరు, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా సుమారు 120 కిలోమీటర్లు వెనక్కి వెళ్ళి, మళ్ళీ మన జిల్లా మీదుగానే విశాఖ వైపు ఎగరాలన్నమాట. నెల్లూరు నుంచి నేరుగా కొలిస్తే విశాఖ 500 కిలోమీటర్లే. నెల్లూరు దగ్గరి దగదర్తిలో విమానాశ్రయం కావాలని మన జిల్లావాసులు ఎందుకు కోరుతున్నారో ఆ గీత చూసినప్పుడు నాకు బాగా అర్థమైంది.

చెన్నై నుంచి విశాఖకు కూడా గగనదూరం దాదాపు 620 కిలోమీటర్లే అయినా, అక్కడి జెట్ విమానాలు తొందరగా చేరుస్తాయి. మేమెక్కినది పంకాలున్న ఏటీఆర్ విమానం కాబట్టి టికెట్టుపై గంటా నలభై నిమిషాలని ఉంది. అందులో విమానం నేలమీద రన్‌వే దాకా కదిలే సమయం కూడా కలిసి ఉంటుంది. అయినప్పటికీ చెన్నై ఊరు దాటి మీనంబాక్కం విమానాశ్రయం చేరడం కంటే నాకు రేణిగుంటే మేలనిపించింది. విమానాశ్రయం చిన్నది, నడక తక్కువ. టికెట్టు కొన్నప్పుడే చక్రాల కుర్చీ కావాలని తెలిపినందువల్ల సిబ్బంది గుమ్మం దగ్గరే అమ్మను కూర్చోబెట్టుకున్నారు. ఏటీఆర్‌కు వెనుక తలుపు దగ్గర మెట్లు కొన్నే ఉండడంతో ఆమె నా భుజం పట్టుకుని తానే ఎక్కగలిగింది.

ఉదయం తొమ్మిదింటికి ఇంటి నుంచి కారులో బయలుదేరి పదకొండున్నరకు రేణిగుంట చేరాము. విమానానికి గంట ముందే కౌంటరు మూసివేస్తారు కనుక అంతకంటే ఆలస్యంగా బయలుదేరడం క్షేమం కాదు. ఒంటిగంటంబావుకు ఎగిరిన విమానం దిగి, సామాను తీసుకుని, బసకు చేరేసరికి నాలుగయింది. నేను దిగినది నగరంలోని నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ డేగలో ఉన్న విమానాశ్రయం. భోగాపురంలోని కొత్త విమానాశ్రయంలో దిగేవారైతే నగరానికి మరో గంటకు పైగా లెక్క వేసుకోవాలి.

ఎన్‌ఏడీ కూడలి దగ్గర మేము దిగిన లాడ్జిలో లిఫ్టు, వేడినీళ్ళు, శుభ్రమైన పడకలు ఉన్నాయి; రాత్రి లారీల చప్పుడు మాత్రం ఎక్కువ. సింహాచలం వెళ్ళేవారికి అక్కడి నుంచి దారి దగ్గర. నన్ను బాధపెట్టినది నెల్లూరు కారు బాడుగ. ముందు ఒప్పుకున్న మొత్తం కాక, ఖాళీగా తిరిగివెళ్ళే దూరానికి కూడా రేణిగుంటలో దిగాక డబ్బు అడిగారు. రానూపోనూ కిరాయి, టోలు కలిపి ముందే కాగితంపై రాయించుకోవడం మంచిది.

ఒంటరిగా వెళ్ళే ఆరోగ్యవంతులకు నేను రాత్రి రైలునే సూచిస్తాను: రైలుమార్గం కూడా దాదాపు 600 కిలోమీటర్లే, నిద్రలో గడిచిపోతుంది, పగలు మిగులుతుంది. అమ్మతో మాత్రం తిరుగు ప్రయాణం కూడా రేణిగుంటకే చేశాను. ఆ సాయంత్రం ఆమె ఇంటి మెట్లు ఎవరి సాయమూ లేకుండా ఎక్కింది.